సందులో బొడ్రాయి

మాఘ శుద్ధ విదియ

ఈ పొద్దు కూడా నీలం జెండా జానెడు పడమటికి జరిగింది. ఎర్ర జెండా జానెడు తూర్పుకు జరిగింది.

జెండాలు జరగడం కొత్త కాదు. సరిహద్దు గీత చూపించే రెండు పలకలూ మెడలో వేసుకుని, రోజూ పొద్దున్నే అవి చూపించినచోట జెండాలు పాతేది నేనే కాబట్టి వాటి గుణం నాకు తెలుసు. ఒకరోజు అటు, ఒకరోజు ఇటు, తప్పతాగినవాడి నడకలా ఊగుతుంటాయి. కానీ అమావాస్య నుంచి రెండూ ఒకదాని వైపు ఒకటి నడుస్తున్నాయి. ఎందుకో తెలియక నాకు అన్నం సహించడం లేదు. మా ఆయన కొమురెల్లి దీన్ని దురద అంటాడు.

"గోకితె పుండైతది. ఊకో పేరంటాలూ" అన్నాడు పొద్దున.

ఊరుకునే గుణమే ఉంటే ఓడ మీదే ఊరుకుని పడి ఉండేదాన్ని.

ఈ సంగతులు పాత పటాల వెనకవైపు రాసుకుంటున్నాను. ఉప్పు పొట్లాలు కట్టుకోవడానికి ఎప్పుడో ఒక పడవ నిండా వచ్చాయి. ముందువైపు రంగురంగుల దేశాలు. ఒకదాని పేరు చదివి, ఇదెక్కడుండేదని మా అందరికీ పెద్దదైన సూరమ్మత్తను అడిగితే, "ఏమో గానీ, మా అమ్మమ్మ చేతి గడియారం ఆ దేశానిదేనంట" అంది. అన్ని రంగులు పోయి లోకానికి ఇప్పుడు రెండే మిగిలాయి. రేవులున్నవాళ్ళంతా తీరకూటమి, గనులున్నవాళ్ళంతా మెట్టకూటమి. ఇనుము లేక వాళ్ళ ఓడలు తుప్పు పడుతున్నాయి, ఓడలు లేక వీళ్ళ ఇనుము గుట్టలు పడుతోంది. అయినా ఎవరూ తగ్గరు.

మాఘ శుద్ధ పంచమి

సూరమ్మత్త మేక ఎర్ర జెండా దాటింది. మెట్టవాళ్ళ కాపలా యంత్రం, తూనీగ ఒకటి రయ్యిమని వచ్చి, దాని ముందు నేలలోకి ఒక గుండు దించింది. మేక గాలిలో ఎగిరి మళ్ళీ మా వైపు పడింది. తూనీగ మాత్రం జెండా దగ్గరే ఆగి, కాసేపు రెక్కలాడించి వెళ్ళిపోయింది.

"సచ్చిందనుకున్నానే! నువ్వు జెండా మార్చినట్టు దానికెట్టా తెలిసిద్దే?" అని అత్త నన్ను తిట్టింది. అదీ న్యాయమే. నిన్న మేక మేసిన చోటు ఈ రోజు మాది కాదు.

మా బతుకు నిలబడి ఉన్నది ఒక వింత మీద. యుద్ధం ఆపినప్పుడు సరిహద్దును కాగితం మీద అంకెల్లో రాసుకున్నారు. ఆ అంకెలు నేల మీద ఎక్కడ పడతాయో ఆకాశంలోకి వదిలిన యంత్రపు చుక్కలు చెప్పాలి. ఎవరి చుక్కలు వాళ్ళవి. అవతలివాడు తమ చుక్కలను దొంగచాటుగా వాడుకుంటే వాడి గురి తప్పాలని, ఎవరికి వాళ్ళు లెక్కలో కాస్త మెలిక పెట్టుకున్నారు. దాంతో తీరం పలక గీతను ఒకచోట చూపిస్తుంది, అక్కడ నీలం జెండా. మెట్ట పలక ఇంకోచోట చూపిస్తుంది, అక్కడ ఎర్ర జెండా. మధ్యలో మిగిలిపోయిన ఉప్పునేలే మా సందు. తీరంవాళ్ళ లెక్కలో ఇది మెట్టవాళ్ళది, మెట్టవాళ్ళ లెక్కలో తీరంవాళ్ళది. పొరుగువాడి నేలలో అడుగు పెడితే మళ్ళీ యుద్ధమేనని ఇద్దరూ పెట్టరు.

ఆ సందులోకి దూరినవాళ్ళమే మేమందరం. కొమురెల్లి మెట్ట బలగంలోంచి పారిపోయి వచ్చాడు. నేను తీరంవాళ్ళ ఓడ చాకిరీ నుంచి ఈదుకుంటూ వచ్చాను. ఇక్కడి ఆచారం ఒకటుంది. ఎవరైనా సరే అవతలి వైపువాళ్ళనే పెళ్ళాడాలి, లేకపోతే సందు కూడా రెండుగా చీలుతుందని పెద్దల భయం. అందుకని ప్రతి ఇంట్లోనూ ఒక తీరం, ఒక మెట్ట. చేపల పులుసా, పచ్చి పులుసా అన్నదొక్కటే మాకు తెగని తగాదా.

మాఘ శుద్ధ దశమి

జెండాలు ఎందుకు జరుగుతున్నాయో తెలిసింది. తెలియకపోతేనే బాగుండేది.

రెండు కూటములూ నిజంగానే రాజీ పడుతున్నాయి. ఇద్దరు అధికారులు తెల్లగుడ్డ ఊపుకుంటూ సందులోకి వచ్చారు. మెట్ట తరఫున ఉపేందర్ సారు, నెరిసిన మీసం, పెద్ద గొంతు. తీరం తరఫున నూకరత్నమ్మ గారు, నౌకాదళం తెల్లబట్టలు, ఎండకు కమిలిన ముఖం. వాళ్ళ వెనక బండి మీద ఒక నల్లరాయి. మోకాలెత్తుంది, నెత్తిన చిన్న గుంట ఉంది. మా గుడిసెల మధ్యలో, సరిగ్గా మా ఇంటి గోడ పక్కన పాతారు. ఉప్పుమడి నేల కదా, పార వేయగానే మెత్తగా దిగింది.

నేను ఆగలేక మజ్జిగ వంకతో వెళ్ళాను.

"ఈ రాయెందుకు సారూ?"

"రాయి కదలదు గదమ్మా" అన్నాడు ఉపేందర్ సారు మీసాలకంటిన మజ్జిగ తుడుచుకుంటూ. "అమాసకెల్లి అందాజగ దిద్దుతున్నం. ఇగ మా చుక్కలు రోజు దీన్ని జూస్తయి, వీళ్ళ చుక్కలు గూడ జూస్తయి. ఎంత తేడా ఉంటె అంత దిద్దుకుంట వస్తం. ఆఖరికి రెండు గీతలు ఒక్కటైతయి."

"యాడ ఒక్కటవుద్ది?"

నూకరత్నమ్మ గారు రాయి మీద చెయ్యి వేసింది. "ఇక్కడేనమ్మా. ఇటేపు మాది, అటేపు ఆళ్ళది."

"మరి మేం?"

ఆవిడ మిగిలిన మజ్జిగ తాగేసి గ్లాసు నా చేతికిచ్చింది. ఎవరి నుంచి పారిపోయినవాళ్ళను వాళ్ళకు అప్పగించాలని ఒప్పందంలో ఉందని ఉపేందర్ సారే చెప్పాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఊరి నడిమద్దెన గీత గీస్తారా సారూ?"

"ఊరుంటె గీత సుట్టు తిరిగి పోవాలె. అది రూలే. మళ్ల కూసోని మాట్లాడుకునేదాక ఆ ఊరు ఇద్దరిదీ గాదు. గని ఇది ఊరు కాదు గదమ్మా. రెండు పటాలల్ల పేరే లేదు. ఉప్పు మడులల్ల నాలుగు గుడిసెలు."

ఇంటికి వచ్చి చూసుకున్నాను. గీత మా గోడలోంచి దూరి, మా మంచం మధ్యలోంచి పోతుంది. ఆయన పడుకునేది పడమటివైపు, నేను పడుకునేది తూర్పువైపు. ఆయనను మెట్టవాళ్ళు పట్టుకుపోతారు, నన్ను ఓడ ఎక్కిస్తారు. పారిపోయిన బంటుకు మెట్టలో ఏం శిక్షో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఈ రోజు అడిగితే, "ఉప్పు గీరుడు అయినంక అడుగు" అని వెళ్ళిపోయాడు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఆబోతులు సఖ్యపడినా విరిగేవి లేగల కాళ్ళేనని ఈ రోజే చూశాను. నాకు భయంగా ఉంది.

మాఘ పౌర్ణమి

సూరమ్మత్త ముఖం వెలిగిపోతోంది. సందులో ఆడవాళ్ళందరినీ పోగు చేసింది.

"ఇన్నాళ్ళకి మనకీ బొడ్రాయి వచ్చిందే! అడక్కుండానే సర్కారోళ్ళు తెచ్చి పాతారు!"

"అది బొడ్రాయి కాదత్తా. చుక్కలు చూసుకునే రాయి" అన్నాను.

"నడిమూళ్ళో నల్లరాయి పాతితే బొడ్రాయి కాక గుండ్రాయా? బొడ్డు లేకుండా బిడ్డ, బొడ్రాయి లేకుండా ఊరు యాడన్నా ఉందంటే?"

ఆవిడతో వాదించడం నా తరం కాదు. పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, నవధాన్యాలు చల్లారు. బొడ్రాయి నిలిపాక ఇంటికో బిందె చొప్పున నెల్లాళ్ళు నీళ్ళు పోయాలని మెట్ట నుంచి వచ్చిన ఆడవాళ్ళు అన్నారు. మాకు తాగేనీళ్ళు పడవలో రావాలి. అందుకని మడుల్లో ఎండకు చిక్కబడ్డ ఉప్పునీళ్ళే బిందెలతో తెచ్చి పోశారు. తరువాత, కొత్త మడి నేలను గట్టిపరచడానికి తొక్కుతామే, అలాగే ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని రాయి చుట్టూ పాడుతూ తొక్కారు. నేనూ తొక్కాను. చాలా రోజుల తరువాత నవ్వాను కూడా.

అప్పుడే అధికారులిద్దరూ కొలతకు వచ్చారు. కేకలేస్తారనుకున్నాను. పసుపు ముద్దలా ఉన్న రాయిని చూసి ఉపేందర్ సారు చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. నూకరత్నమ్మ గారు చెప్పులు విడిచి వచ్చింది. ఆ తరువాతే యంత్రం పెట్టి కొలుచుకున్నారు.

మాఘ బహుళ ఏకాదశి

జెండాలు వెనక్కి నడుస్తున్నాయి!

మూడు నాలుగు రోజులుగా పలకలను నమ్మలేక కొట్టి చూశాను, తుడిచి చూశాను. నిజమే. నీలం జెండా తూర్పుకు పోతోంది, ఎర్ర జెండా పడమటికి పోతోంది. సందు మళ్ళీ వెడల్పవుతోంది. మేక మేసిన చోటు మాకు తిరిగి వచ్చింది. "చూశావా బొడ్రాయి మహిమ!" అని సూరమ్మత్త ఇంటింటికీ బెల్లం పంచింది. నేను మొగుణ్ణి పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను. సిగ్గేమీ వేయలేదు.

అధికారులిద్దరూ మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. మధ్యాహ్నం అరుపులు వినిపించాయి.

"కదలని రాయిని కదిలినట్టు సూపిస్తున్నయంటె, మీ చుక్కలు అబద్ధమాడుతున్నట్టే గద?"

"మా చుక్కలా? మీవోళ్ళే మెలిక పెట్టి, మామీదకి తోసెస్తన్నారేటి?"

ఎవరి చుక్కలు తప్పో తెలుసుకోవాలని నాకు మళ్ళీ దురద మొదలైంది. ఇద్దరి గొంతులోనూ నిజమే వినిపించింది. ఇద్దరూ నిజం చెబుతూ ఉంటే తప్పెక్కడిది?

ఫాల్గుణ శుద్ధ తదియ

నీళ్ళ పడవ ఆలస్యంగా వచ్చింది. సముద్రం మీద ఓడలు మళ్ళీ బారులు తీరుతున్నాయని పడవావిడ చెప్పింది. పడమట మెట్టవాళ్ళ బండ్ల దుమ్ము మాకే కనిపిస్తోంది. రాజీ మాటలని సెలవు మీద ఇళ్ళకు పంపిన కుర్రాళ్ళను వెనక్కి పిలుస్తున్నారట. కొమురెల్లి తమ్ముడు ఓదెలు ఆ బలగంలోనే ఉన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన ఉప్పు గీరుతున్నాడే గానీ, గీరినచోటే గీరుతున్నాడు.

నేను రాయి దగ్గర కూర్చున్నాను. కూర్చుని చూస్తూ ఉంటే ఒక సంగతి కంటపడింది. రోజూ పోసే ఉప్పునీళ్ళు రాయి చుట్టూ నిలిచి, ఎండకు ఆరి, ఒక తెల్లటి చార కడతాయి. నీళ్ళ చార ఎప్పుడూ సమంగానే ఉండాలి. కింది చారలు, అంటే మొదటివి, ఒకవైపుకు ఒరిగి ఉన్నాయి. పైవి అంత ఒరగలేదు. నిన్నటి చార సమంగా ఉంది. ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి.

నీళ్ళు ఒరగవు. ఒరిగింది రాయి.

మెత్తటి మడి నేలలో బిందెలకొద్దీ ఉప్పునీళ్ళు పోసి, చుట్టూ తొక్కి తొక్కి, మేమే దాన్ని రోజుకింత పక్కకు నెట్టాం. పైన చుక్కలు రెండూ నిజమే చెబుతున్నాయి. ఒకరు చూసినచోట రెండోవాళ్ళు చూసేసరికి రాయి లేదు, అందుకే దిద్దినకొద్దీ తేడా పెరిగింది. మా పసుపు, మా పాట, మా తొక్కుడు కలిసి రెండు సామ్రాజ్యాలకు తగువు పెట్టాయి. కనిపెట్టినందుకు ముందు సంతోషం వేసింది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

ఎవరికీ చెప్పకపోతే మా మంచం మా ఇంట్లో ఉంటుంది. మడి గట్టు మీద కొమురెల్లికి మాత్రం చెప్పాను. ఆయన పార కింద పెట్టాడు.

"నువ్వు చెప్పకుంటె ఏమైతది?"

"సందుంటది. నువ్వుంటావు."

"ఓదెలు?"

నేను వంగి పార తీసి ఆయన చేతికి ఇవ్వబోయాను.

"నేను పారిపోయింది లడాయికెల్లి. నన్ను దాసుకునేటందుకు మళ్ల లడాయి పెట్టిస్తవా పేరంటాలూ?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని.

ఫాల్గుణ శుద్ధ చవితి

చెప్పేశాను.

ఇద్దరినీ రాయి దగ్గరికి పిలిచి, చారలు చూపించాను. ఉపేందర్ సారు నేల మీద బోర్లా పడుకుని ఒంటికన్నుతో చూశాడు. నూకరత్నమ్మ గారు వేలితో చార వెంట గీసుకుంటూ పోయింది. ఇద్దరూ ఒకేసారి లేచారు. ముందు ఆవిడ నవ్వింది, తరువాత ఆయన. కడుపు పట్టుకుని నవ్వారు. నేను ఏడుస్తున్నాను.

"ఉప్పుమడిలో పాతమని నానే సెప్పేను కదండీ" అంది నూకరత్నమ్మ గారు నవ్వాపుకుని.

"నేను సంతకం వెట్టిన" అన్నాడు ఆయన. ఇద్దరి ముఖాలూ మాడిపోయాయి. రెండు కూటముల సైన్యాలను బురదలో పాతిన రాయి కదిలించిందని పైవాళ్ళకు తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.

"తీసి గట్టి నేలల వాతుదాం. దక్షిణాన ఇసుక దిబ్బ ఉన్నది" అని ఉపేందర్ సారు మనుషులను పిలిచాడు.

అప్పుడు సూరమ్మత్త వచ్చి రాయికి అడ్డంగా కూర్చుంది. ఆవిడ అరవలేదు.

"పసుపు పూసి, నీళ్ళు పోసి నిలిపిన బొడ్రాయి బాబూ. పీకితే ఊరికి అరిష్టం. మీ ఊళ్ళో బొడ్రాయినైతే పీకుతావా?"

ఆయన తన మనుషుల వైపు చూశాడు. వాళ్ళు నేల చూశారు. ఆయన నూకరత్నమ్మ గారి వైపు తిరిగాడు. "మీరు తీపియ్యున్రి."

"నానా? మీరు తీయండి. మాకూ పిల్లలున్నారండి."

నేల ఎవరిదో తేల్చుకోలేక ఇన్ని ఊళ్ళు తగలబెట్టినవాళ్ళు, ఆ రాయిని ముట్టుకునే పని మాత్రం ఒకరికొకరు వదులుకున్నారు. ఎండలో నిలబడి చాలాసేపు గుసగుసలాడారు. తరువాత ఉపేందర్ సారు నన్ను పిలిచాడు.

"గిట్ల రాస్తున్నం. ఈడ పాత ఊరొకటున్నది. బొడ్రాయున్నది. అది సూసుకోక దాని మీదనే కొలిసినం, అందుకే లెక్క తప్పింది. కొత్త రాయి దిబ్బ మీద వాతుతం. సరేనా?"

"పాత ఊరా సారూ?"

"బొడ్రాయి ఉండంగ పాత ఊరు గాక కొత్తదా?"

"ఈ ఉప్పు సారల ముచ్చట ఎవలికీ సెప్పకున్రి" అంది నూకరత్నమ్మ గారు, ఆయన యాస వెక్కిరిస్తూ.

ఇన్నేళ్ళలో రెండు సామ్రాజ్యాలూ కలిసి ఒప్పుకున్న మొదటి మాట అబద్ధం. నేను వాళ్ళిద్దరికీ దండం పెట్టాను.

ఫాల్గుణ బహుళ దశమి

ఈ పొద్దు రెండు పలకలూ ఒకే చోటు చూపించాయి. రెండు జెండాలనూ ఒకే గుంటలో పాతాను.

గీత ఉత్తరాన ఉప్పు కాలువ దాకా నేరుగా వచ్చి, మా దగ్గర రెండుగా చీలి, సందును చుట్టి, దక్షిణాన మళ్ళీ కలుస్తుంది. రూలు రూలే. ఊరిలోకి వస్తే రెండు పలకల్లోనూ ఏమీ కనిపించదు, ఖాళీ. సూరమ్మత్త ఆ గీత వెంటే తిరిగి, ఊరికి కీడు రాకుండా పొలి మెతుకులు చల్లింది. ఇదే మా పొలిమేర అంది. కడపటి మడి గట్టు దాటితే అవతల మాకు అడుగు పెట్టే చోటు లేదు, అంతా వాళ్ళదే. దాటినవాణ్ణి అప్పగించే షరతు అలాగే ఉంది. ఓడలు వెళ్ళిపోయాయి. పడమట దుమ్ము అణిగింది.

చైత్ర శుద్ధ సప్తమి

ఓదెలు వచ్చాడు. రాజీ కుదిరిందని సెలవిచ్చారట. పడమటి గట్టు అవతల నిలబడి, "అన్నా!" అని ఒక్క కేక పెట్టాడు. ఆయన పార విసిరేసి పరిగెత్తాడు. నేను వెనకే పరిగెత్తాను, ఎక్కడ గట్టు దాటుతాడోనని. దాటలేదు. గట్టు దగ్గర ఆగాడు, అవతల వాడూ ఆగాడు. వాడి ఒంటి మీద బలగం బట్టలున్నాయి. అన్న అడుగు బయట పడితే పట్టుకోవలసింది వాడే.

ఇద్దరూ గట్టుకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. నేను చేపల పులుసు, అన్నం తెచ్చి ఇద్దరికీ వడ్డించాను. గట్టు మీదుగా చెయ్యి చాచి వడ్డిస్తే తూనీగ వచ్చి చూసి పోయింది. "పచ్చి పులుసు లేదా వదినా?" అన్నాడు ఓదెలు. కొమురెల్లి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

పొద్దు వాలాక వాడు లేచాడు. ఒక ఉప్పు పొట్లం చేతిలో పెట్టాను. దాని మీద ఏదో దేశం సగం కనిపిస్తోంది.

"ఇంటికెప్పుడొస్తవే అన్నా? అమ్మ అడుగుతాంది."

"బొడ్రాయి కదిలినప్పుడు" అన్నాడు కొమురెల్లి. ఇక రానని చెప్పడానికి వాళ్ళవైపు అలాగే అంటారట.

ఓదెలు తల వంచుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వచ్చి బిందె తీసుకుని మడి వైపు నడిచాను. నెల్లాళ్ళు దాటినా ఉప్పునీళ్ళు పోయడం మానలేదు, ఇప్పుడు రోజుకో ఇల్లు. ఈ రోజు రాయికి నీళ్ళు పోసే వంతు మాదే.